పసుపు కింద అక్షరాలు

నేను తెరిచిన మొదటి పుటలో నేల కింద నుంచి వేడినీళ్లు తాటిచెట్టంత ఎత్తున చిమ్ముతున్నాయి. పక్కనే టోపీ పెట్టుకున్న ఒక మనిషి చేతులు కట్టుకుని, రోజూ జరిగేదే అన్నట్టు నిలబడి చూస్తున్నాడు. ఐస్‌లాండ్ అట. నాకు అప్పుడు పదిహేడో ఏడు. అంతకుముందు ఆ పేరు స్కూలు మ్యాపులో ఒక మూల చూసి ఉంటాను. అక్కడ నేల మరుగుతుందని, ఆ మరుగుతున్న నీళ్లకు దగ్గర్లోనే ఏడాది పొడుగునా కరగని మంచు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కాళ్లు నిలవక పుస్తకం పట్టుకుని గదిలోంచి గదిలోకి నడిచాను. మాకున్నవి రెండే గదులు కాబట్టి ఆ నడక తొందరగానే అయిపోయింది.

ఆ పుస్తకాలు మా తాతగారివి. ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియా. ముదురు ఎరుపు తోలు అట్టలు, పుటల అంచులకు బంగారు పూత, బీరువాలో రెండు అరల నిండా సంపుటాలు. మద్రాసు నుంచి ఓడ మీద బందరుకు, బందరు నుంచి కాలువ పడవ మీద మా ఊరికి తెప్పించారని చెప్పేవారు. ఇంట్లో అందరూ వాటిని దొర పుస్తకాలు అనేవారు. మా లోగిలి హాల్లో, వచ్చినవాళ్ల కళ్లకు ముందు అవే కనబడేలా అద్దాల బీరువాలో ఉండేవి. పెద్ద పెద్ద అధికారులు వచ్చినప్పుడు ఆ బీరువా ముందే కుర్చీలు వేసేవారు.

ఆ లోగిలి పోయింది. ఎలా పోయిందో ఇక్కడ రాయను. మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు, నేనూ ఆ మర్యాద తప్పను. యుద్ధం రోజుల్లో బెజవాడ వచ్చాం: నాన్నగారు, మా మేనత్త, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్నగారి చెల్లెలైన మా అత్తయ్య భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆవిడే. పాత ఊళ్లో, ఇప్పుడు వన్ టౌన్ అంటున్న చోట, ఒక బట్టల వర్తకుడి గోదాము పక్క వాటాలో దిగాం. ముందు పొడవాటి అరుగు. అందులో సగం గోదాముకు, సగం మాకు. లోగిలి సామానంతా ఎటెటో వెళ్లిపోగా మాతో వచ్చినవి తాతగారి చేతుల కుర్చీ, నాలుగు ఇత్తడి బిందెలు, ఆ బీరువా. బీరువా గుమ్మంలో పట్టకపోతే తలుపులు ఊడదీసి లోపలికి చేర్చారు.

నాన్నగారు వీధి గదిలో, కిటికీ రెక్క ఓరగా వేసుకుని కూర్చునేవారు. అరుగు మీదికి అడుగు పెట్టేవారు కాదు. ఒకప్పుడు మా వాకిట్లో చెప్పులు విడిచి నిలబడిన వర్తకులుండేవారు. అలాంటి వాళ్లతో ఇప్పుడు ఒకే అరుగు పంచుకోవడం ఆయనకు కుదిరే పని కాదు. నేను దాన్ని తప్పనను. నడుం నిటారుగా పెట్టుకుని బతకడం మా వాళ్లకు తరతరాలుగా తెలిసిన పని. ఆయన ఆ పనిని రెండు గదుల వాటాలో కూడా లోపం రానివ్వకుండా చేశారు.

మేం వచ్చిన వేసవిలోనే ఆయన ఒక మాట ఇచ్చేశారు. గన్నవరం అవతల ఒక ఊళ్లో మా బాబాయిగారు ఉండేవారు, నాన్నగారి పినతండ్రి కొడుకు. వాళ్ల మేడ ఇంకా వాళ్లదే. ఆయన మమ్మల్ని చూడడానికి వచ్చి, మా గదులు చూడకుండా బీరువా ఒక్కటే చూసి, "అన్నయ్యా, ఈ పుస్తకాలకు ఇక్కడ గాలైనా ఆడదు. మా హాల్లో పెట్టిస్తాను. మన వంశానివి మన వంశంలోనే ఉంటాయి" అన్నారు.

నాన్నగారు కాసేపు బీరువా వైపే చూసి, "దసరా పూజ ఇక్కడ జరగనీ. ఆ తరవాత బండి పంపు" అన్నారు.

మా ఇంట్లో ఇచ్చిన మాటకు తిరుగు లేదు. అంటే దసరాకు ఆ పుస్తకాలు వెళ్లిపోతాయి. నాకు కాలేజీ లేదని అప్పటికే తేలిపోయింది. స్కూలు ఫైనల్ ప్యాసై ఇంట్లో కూర్చున్నాను. ఆ బీరువా కూడా వెళ్లిపోతే చదవడానికి పంచాంగం తప్ప ఏదీ మిగలదు. బాబాయిగారి బండి గుమ్మం దాటేలోగా అందులో ఏముందో చూసి తీరాలనుకున్నాను. నాన్నగారు మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు మొదటిసారి ఆ తలుపు తీశాను.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఏటా దసరాలో పుస్తకాలకు పూజ చేసినప్పుడు మా నాయనమ్మ ఒక్కొక్క సంపుటానికీ పసుపు రాసి కుంకుమ పెట్టేది. అందరిలా మూల మీద చిన్న బొట్టు పెట్టి ఊరుకునే మనిషి కాదు. గడపకు రాసినట్టు పుస్తకం వీపంతా పైనుంచి కిందికి పసుపు మెత్తేది. ఆవిడ తరవాత ఆ పని అత్తయ్యకు వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ పొర మీద పొర పడి, వీపుల మీది బంగారు అక్షరాలు, అంకెలు అన్నీ పసుపు కిందికి వెళ్లిపోయాయి. బీరువా తెరిస్తే వరసగా పసుపు పచ్చని వీపులు, ఎర్రటి బొట్లు. ఏ అక్షరం ఏ సంపుటంలో ఉందో బయటి నుంచి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏదో ఒకటి లాగాలి, ఏది వస్తే అదే చదవాలి.

లాగాను. తెరవబోతే పుటలు విడిపోలేదు. బంగారు పూత ఆరి అంచులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. బొటనవేలితో మెల్లగా వంచితే పటపటమంటూ విడిపోయాయి. ఆ చప్పుడు వింటూ ఉండగా నాకు ఒక సంగతి అర్థమైంది. అచ్చాఫీసు నుంచి వచ్చాక ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవలేదు. ఇంకొకటి లాగి చూశాను. అదీ అంతే. మా తాతగారు వీటిలో ఒక్క పుట కూడా చదవలేదు. ఆ సంగతి మింగుడు పడడానికి నాకు కొంతసేపు పట్టింది. తరవాత ఇంకో ఆలోచన వచ్చి ఒళ్లు పులకరించింది. అయితే ఇవన్నీ ఇంతకాలం నాకోసమే ఆగి ఉన్నాయి.

"ఏంట్రా ఆ చప్పుడు, అప్పడాలు విరుస్తున్నట్టు?" అంటూ అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. నా ఒళ్లో పుస్తకం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "దసరా కాకుండా బీరువా తీశావా?"

"దసరా తరవాత మనకి ఉండవుగా అత్తయ్యా."

ఆవిడ దగ్గరకు వచ్చి బొమ్మ వంక వంగి చూసింది. "ఏంటిది, బావి పేలిందా?"

"ఐస్‌లాండ్. నేలలోంచి వేడినీళ్లు వాటంతట అవే పైకి చిమ్ముతాయట."

"కట్టెలు లేకుండానే?"

"కట్టెలు లేకుండానే."

"వాళ్ల ఆడవాళ్లు పుణ్యం చేసుకున్నారు" అని నా పక్కన చతికిలబడింది. "చదువు. తెలుగులో చెప్పు."

అలా మొదలైంది. కిరోసిన్ దొరకని రోజులు కాబట్టి చదువంతా పొద్దుగూకేలోగా అయిపోవాలి. ఎండ వాలగానే నేను తాతగారి చేతుల కుర్చీ అరుగు మీద వేసుకునేవాణ్ణి. అత్తయ్య కాళ్లూ చేతులూ కడుక్కుని, బీరువా ముందు కళ్లు మూసుకుని, చేతికి తగిలిన సంపుటం లాగి తెచ్చేది. తరవాత తాటాకు ముక్క ఒకటి పుటల మధ్య గుచ్చేది. ఏదైనా సందేహం వస్తే పురాణంలో పుల్ల పెట్టి శకునం చూడడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దొర పుస్తకాన్నీ అలాగే చూసింది. మనసులో ఏదో అనుకుని పుల్ల పెట్టేది, నేను ఏం చదువుతానా అని నా నోటి వంక చూసేది.

"అడగాల్సింది అడిగాను. ఏం వచ్చింది?"

"పెంగ్విన్ అట అత్తయ్యా. ఒక పక్షి."

"శుభమేనా? ఎలాంటి పక్షి?"

"రెక్కలున్నాయి గానీ ఎగరదు. మంచులో ఉంటుంది. మనిషిలా నిటారుగా నిలబడుతుంది."

అత్తయ్య కిటికీ వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "సరిగ్గానే వచ్చిందిలే. మీ నాన్న సంగతే అడిగాను."

నాకు నవ్వు ఆగలేదు. అంతలో అరుగు అవతలి సగం నుంచి ఇంకో నవ్వు వినబడింది. మా ఇంటి యజమాని, బట్టల వర్తకుడు శెట్టిగారు. గోదాము ముందు బొంత వేసుకుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. బొద్దుగా, ఎప్పుడూ చెమటతో ఉండే మనిషి. మా ఊరి వైపు వాళ్లతో వ్యాపారం చేసినవాడే కాబట్టి మమ్మల్ని పాత పద్ధతిలోనే పిలిచేవాడు.

"క్షమించండి చినబాబుగారూ, వినబడిందండి. ఆ పక్షి ఏం తింటుందండి?"

"చేపలు."

"మరి వాటికి చలెయ్యదా అండి, బట్టలేం లేకుండా?"

"దానికి ఈకలే బట్టలు శెట్టిగారూ. అక్కడ మీ వ్యాపారం సాగదు" అంది అత్తయ్య.

"ఇక్కడ మాత్రం సాగుతోందా అమ్మగారూ" అన్నాడాయన నవ్వుతూ. నిజమే. యుద్ధం వల్ల నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతున్నాయి. గోదాము సగం ఖాళీ. మంగళగిరి నుంచి రైల్లో చీరల మూట తెచ్చే నేత పెద్దాయన కూడా ఆ రోజుల్లో చిన్న మూటతో వచ్చి, తిరుగు బండి దాకా చేసే పని లేక అరుగు మీద కూర్చునేవాడు. అలా ఇద్దరు శ్రోతలు వచ్చి చేరారు. నేను కుర్చీలో, వాళ్లు అరుగు మీద. అదే సరైన పద్ధతి అని నాకు అప్పట్లో తోచింది. వాళ్లకూ తోచినట్టే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ వానాకాలం సాయంత్రాలను తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె వేగం పెరుగుతుంది. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇవాళ ఎక్కడికి వెళ్తామో అన్న ఆరాటమే. ఒక రోజు ఎడారిలో ఉప్పు బస్తాలు మోసే ఒంటెల బారు. మర్నాడు చైనా గోడ. ఇంకో రోజు వెనిస్ అనే ఊరు. వీధులన్నీ కాలువలేనని, ఇంటి గుమ్మంలోంచి నేరుగా పడవలోకి దిగుతారని చదివితే అత్తయ్య పట్టరాని సంతోషంతో, "చూశావా, బందరు కాలువ మీద వచ్చేటప్పుడు నేను అనలేదూ, ఇళ్లు గట్టు మీద కాకుండా నీళ్లలోనే కట్టుకుంటే పోతుందని" అంది. ఆ పడవలన్నీ నల్లరంగులో ఉంటాయంటే మాత్రం ఒప్పుకోలేదు. "శుభమా అని ఇంటి ముందు నల్ల పడవ ఏంటి? పసుపు వేసుకోవచ్చుగా" అంది.

మరో సాయంత్రం ఒక పాత నగరం వచ్చింది. కొండ నిప్పులు కక్కి బూడిదలో ఊరంతా కప్పబడిపోయింది. ఎన్నో వందల ఏళ్ల తరవాత తవ్వితే రొట్టెల బట్టీలో రొట్టెలు మాడి బొగ్గై అలాగే ఉన్నాయట. "పాపం, పొయ్యి మీద పెట్టి ఉన్నాయన్నమాట" అంది అత్తయ్య. ఆ రోజు ఎసరు పెట్టడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది.

నేత పెద్దాయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డ రోజు ఒకటుంది. సముద్రాల అవతల పెరూ దేశపు పాత రాజుల గురించి వచ్చింది. వాళ్లకు రాత లేదట. రంగురంగుల దారాలకు ముడులు వేసి, ఆ ముడుల్లోనే జనాభా, ధాన్యం అన్నీ దాచుకునేవారట. చూడడానికి ఒక తాడు, దానికి వేలాడే పోగులు.

"ముడిలో మాట దాస్తారా అండి బాబుగారూ?" అని ఆయన పుస్తకం దగ్గరికి వచ్చి, ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ చూశాడు. "ఏ పోగు ఏ రంగో దాన్ని బట్టి కూడా అర్థం మారుతుందా?"

"మారుతుందనే రాశారు."

"అయితే వీళ్లు మావాళ్లే" అని వెనక్కి తిరిగి శెట్టిగారితో అన్నాడు, "ఇంతకాలం మీరు దస్త్రాలు రాసుకుని మమ్మల్ని వేలిముద్ర గాళ్లన్నారు గదండీ. ఇక మీదట చీర కొంగులో నా లెక్క ముడేసి తెస్తాను. చదువుకోండి."

"ముడి విప్పితే నీ లెక్క పోతుంది, చూసుకో" అన్నాడు శెట్టిగారు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఆ వారమంతా పెద్దాయన తన పైపంచె కొంగుకు ముడులు వేసి వచ్చి, ఈ ముడికి అర్థమేంటో చెప్పమని మమ్మల్ని సతాయించాడు.

కిటికీ రెక్క ఎప్పుడూ ఓరగానే ఉండేది. లోపల నాన్నగారు ఉన్నారని తెలుసు. ఆయన వద్దనలేదు, రమ్మంటే రాలేదు. నేను చదివేటప్పుడు గొంతు కొంచెం కిటికీ వైపు పెట్టేవాణ్ణి. ఆ గదిలోంచి దగ్గు కూడా వినబడేది కాదు.

భాద్రపదం వచ్చింది. దసరా దగ్గర పడుతోందన్న దిగులు అందరికీ మొదలైంది. అప్పుడే అత్తయ్య తాటాకు ముక్క ఒక ఆట దగ్గర ఆగింది. స్కాట్లాండ్‌లో చలికాలం చెరువులు గడ్డకడతాయట. ఆ గడ్డ మీద పైన పిడి ఉన్న గుండ్రటి బరువైన రాయిని జారవిడుస్తారు. దూరాన గీసిన వలయంలో ఆ రాయి ఆగాలి. రాయి జారుతుంటే దాని ముందు ఇద్దరు చీపుళ్లతో మంచును ఊడుస్తూ పరుగెత్తుతారు.

"ఎవరు ఊడుస్తారు?" అంది అత్తయ్య.

"ఆటగాళ్లే. మగవాళ్లు."

"మగాళ్లు చీపుళ్లు పట్టుకుని ఊడుస్తారా? అదీ పరిగెడుతూ?" ఆవిడ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని బొమ్మ చూసింది. కోట్లు వేసుకున్న, మీసాలున్న పెద్దమనుషులు వంగి చీపుళ్లతో ఊడుస్తున్నారు. "శెట్టిగారూ, రండి, చూసి నేర్చుకోండి."

"రాయికి పిడి ఉందండి" అన్నాడు శెట్టిగారు బొమ్మ చూసి. ఆయన కళ్లు మెరిశాయి. "మా నూలు తూకం రాళ్లలాగే ఉంది."

అంతే. ఎవరు ముందు లేచారో నాకు గుర్తు లేదు. గోదాము లోపల నాపరాళ్ల నేల అరిగి నున్నగా ఉండేది. వాన చినుకులతో గుమ్మం దాకా తడిగానే ఉంది. అత్తయ్య రెండు బిందెల నీళ్లు తెచ్చి దాని మీద పోసింది. శెట్టిగారు పిడి ఉన్న పెద్ద ఇనప రాయి తెచ్చాడు. నేత పెద్దాయన గోడ దగ్గర సుద్దతో వలయం గీశాడు. నేను రాయి వదిలాను. అది నీళ్లను చీల్చుకుంటూ సర్రున పోయింది. దాని ముందు చెరో చీపురుతో ఒకవైపు శెట్టిగారు, మరోవైపు నేత పెద్దాయన వంగి నీళ్లు చిమ్ముకుంటూ పరుగు.

"గట్టిగా ఊడవండి శెట్టిగారూ, అక్కడ చెత్త ఉంది" అని అత్తయ్య అరుపు.

"ఏమయ్యా, నా వైపు ఊడుస్తావేంటి, నీ వైపు చూసుకో."

"మీ పొట్ట అడ్డం వస్తోందండీ, నాకు రాయి కనబడట్లేదు."

రాయి వలయం దాటి గోనె మూటను కొట్టుకుని ఆగింది. శెట్టిగారు జారి నీళ్లలో కూర్చుండిపోయాడు, చీపురు మాత్రం వదలకుండా. మా ఊళ్లో తాతగారి గుర్రాల మీద పందాలు చూశాను, కృష్ణలో పడవల పోటీలు చూశాను. అంతగా అరిచిన ఆట మాత్రం అదే. పంచె మోకాళ్ల దాకా తడిసి, ఇనప రాయిని మళ్లీ ఈ చివరకు మోసుకొస్తుంటే అరుగు వైపు కిటికీ రెక్క మూసుకున్న చప్పుడు వినబడింది. అందరం ఒక్కసారి ఆగిపోయాం.

భోజనం దగ్గర నాన్నగారు విస్తరి వంకే చూస్తూ మాట్లాడారు.

"తాతగారి పుస్తకాలు వీధిన పడ్డాయి."

"వీధి కాదు నాన్నగారూ. మన అరుగు."

"సగం" అన్నారు. మజ్జిగ పోసుకుని కలిపాక, "దసరా దాకా చదువుకో. నేను వద్దనను. కానీ నా మాట మాటే. బండి వస్తుంది" అన్నారు.

నేను తల ఊపాను. ఆయన నోటి నుంచి ఆ మాట వెనక్కి తీసుకోమని అడగడం నాకు చేతకాదు. ఆయన కొడుకుని. అడిగితే ఆయనకు తక్కువ, నాకూ తక్కువ. ఆ తరవాత రోజుల్లో మాత్రం ఆకలిగొన్నవాడిలా చదివాను. సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే మొదలుపెట్టేవాణ్ణి. దీపస్తంభాలు, దుప్పులు, పగడపు దీవులు, గుర్రాల మీద కూర్చుని కర్రలతో బంతి కొట్టే ఆట, ఏవి చదువుతున్నా అవి రేపు ఎవరి హాల్లోనో అద్దాల వెనక ఉంటాయన్న సంగతి గుర్తొచ్చేది. అక్కడ వాటిని ఎవరూ తెరవరని నాకు తెలుసు. మా వంశం సంగతి నాకు తెలియనిదా.

దసరా వచ్చింది. కొండ మీద అమ్మవారి నగారా వినబడుతుండగా అత్తయ్య సంపుటాలన్నీ పీటల మీద పేర్చి పూజ చేసింది. పసుపు ఎప్పటికంటే ఎక్కువగానే మెత్తింది.

"కాస్త తగ్గించు అత్తయ్యా, అట్టలు పాడవుతాయి."

"పోయేవాళ్లకు తక్కువ చేసి పంపిస్తామా?" అంది, చేతి వేళ్ల నిండా పసుపుతో.

పండగ వెళ్లిన మర్నాడే బండి వచ్చింది. వెంట బాబాయిగారి గుమాస్తా, తెల్లటి ఉత్తరీయం, చేతిలో గొడుగు. నాన్నగారు వీధి గదిలో నిలబడే ఉన్నారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి. అరుగు అవతల శెట్టిగారు, ఆ పూట ముందే వచ్చిన నేత పెద్దాయన చూడనట్టు కూర్చున్నారు. నేను గోడకు ఆనుకోకుండా నిలబడ్డాను.

గుమాస్తా ఒక సంపుటం తీసి చూశాడు. దాన్ని పెట్టి ఇంకొకటి తీశాడు. బొటనవేలితో గీకాడు. పసుపు గోటికి అంటుకుంది.

"ఇదేంటండీ బాబుగారూ. పేర్లు కనబడవే?"

"పూజ చేసిన పుస్తకాలు" అన్నారు నాన్నగారు.

"అవుననుకోండి. కానీ ఇవి హాల్లో అద్దాల బీరువాకండి. అక్కడ బంగారు అక్షరాలు కనబడాలని మా బాబుగారు మరీ మరీ చెప్పారు." వేలు ఉత్తరీయానికి తుడుచుకోబోయి మానుకున్నాడు. "ఏం లేదండి, కుంకుడు రసంతో తడిగుడ్డ పెట్టి తుడిచేస్తే పోతుంది. మనిషిని పెట్టి కడిగించి ఇప్పించండి. సాయంత్రం దాకా ఉంటాను."

వంటింటి గుమ్మంలో అత్తయ్య తన చేతుల వంక చూసుకుంది. వాటికి ఇంకా పసుపు పోలేదు.

"కడగమన్నాడా మా తమ్ముడు?" అన్నారు నాన్నగారు. గొంతు పెరగలేదు.

"కనబడాలన్నారండి."

"అది మా అమ్మ చేత్తో రాసిన పసుపు. దాని మీద మా చెల్లెలు రాసింది. అవి ఇలాగే ఉంటాయి. ఇలాగే తీసుకెళతావా?"

గుమాస్తా బీరువా వంక, బండి వంక చూశాడు. "ఇలా అయితే... మళ్లీ ఒకసారి అడిగి రావాలండి. ఇలా పెట్టుకోరండి వాళ్లు."

"అడగనక్కర్లేదు." నాన్నగారు ముందుకు వచ్చి అతని చేతిలోని సంపుటం తీసుకున్నారు. "నేను ఇస్తానన్నాను, ఇస్తున్నాను. ఇలా వద్దన్నది మీరు. ఆ సంగతి మా తమ్ముడితో ఇదే మాటల్లో చెప్పు. ఎండ ఎక్కకముందే బయల్దేరు, ఎద్దులకు మంచిది."

అతను రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది శెట్టిగారు. బండి సందు మలుపు తిరిగేదాకా నాన్నగారు ఆ పుస్తకం గుండెకు ఆనించి పట్టుకునే ఉన్నారు. ఇస్త్రీ చొక్కాకు పసుపు, కుంకుమ అంటుకున్నాయి. నాకు గట్టిగా అరవాలనిపించింది. మా ఇంట్లో అరవరు. అందుకని పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా బావిలోంచి బిందె తరవాత బిందె నీళ్లు తోడాను. తొట్టి నిండి పొర్లిపోయింది.

సాయంత్రం మామూలుగానే కుర్చీ వేశాను. అత్తయ్య కాళ్లు కడుక్కుని బీరువా వైపు వెళ్లబోతుంటే వీధి గది తలుపు తెరుచుకుని నాన్నగారు అరుగు మీదికి వచ్చారు. అదే చొక్కా, మరకలతోనే. శెట్టిగారూ నేత పెద్దాయనా చటుక్కున లేచి నిలబడ్డారు. నేనూ లేచి కుర్చీ ఖాళీ చేశాను. ఆయన కూర్చోలేదు. నా వైపు తిరిగి, పొలం నీటి సంగతి అడిగినట్టు అడిగారు.

"ఆ మంచు మీది ఆట. రాయి ముందర ఊడ్చేది ఎందుకు? రాయి దూరం పోవడానికా, ఆగడానికా?"

అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దూరం పోవడానికేనండి" అన్నాడు శెట్టిగారు మెల్లగా. "నేను ఊడ్చాను గదండీ, నాకు తెలుసు."

"కాదండి, దారి తప్పకుండా ఉండడానికి" అన్నాడు నేత పెద్దాయన.

"పుస్తకం ఏమంటోంది?" అన్నారు నాన్నగారు, నన్నే చూస్తూ.

నేను తడబడ్డాను. ఆ రోజు అంతదాకా చదవనేలేదు. రాళ్ల దగ్గరే అందరం లేచి పరుగెత్తాం. "చూసి చెబుతాను నాన్నగారూ."

"ఏ సంపుటం?"

అదే ఎవరికీ తెలియదు. పసుపు వీపులు, ఎర్ర బొట్లు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. "ఒక్కొక్కటీ తీయాల్సిందే" అంది అత్తయ్య, తప్పంతా బీరువాదే అన్నట్టు. నేను లోపలికి వెళ్లి చేతికి దొరికినన్ని తెచ్చి అరుగు మీద పెట్టాను. శెట్టిగారు చేతులు కడుక్కుని వచ్చి బొమ్మలు వెతకడానికి ఒకటి తీసుకున్నాడు, నేత పెద్దాయన ఇంకొకటి. నాన్నగారు మమ్మల్ని కొంతసేపు చూశారు. తరవాత బీరువా దగ్గరకు వెళ్లి, నడుం వంచి, కింది అరలోంచి ఒక సంపుటం తీసుకున్నారు. అది ఇంకా తెరవనిది. ఆయన వేళ్ల కింద పుటలు పటపటమన్నాయి. ఆ చప్పుడుకు ఆయన ముఖం మారింది. కళ్లజోడు తీసి పెట్టుకున్నారు.

"మీసాల వాళ్లు దొరికారండి" అన్నాడు శెట్టిగారు. చూస్తే వాళ్లు మంచు మీద కాదు, బెలూన్ బుట్టలో ఉన్నారు. బెలూన్ దగ్గర కొంతసేపు ఆగిపోయాం. తరవాత నేత పెద్దాయనకు పట్టుపురుగులు తగిలాయి, అక్కడా ఆగాం. ఎండ అరుగు అంచు దాకా జారిపోయింది.

"దొరికిందా అన్నయ్యా?" అంది అత్తయ్య.

నాన్నగారు గుమ్మంలో నిలబడే చదువుతున్నారు. చెయ్యి ఎత్తి ఆగమన్నారు. పెదవులు కదులుతున్నాయి. నేను ఆయన భుజం మీంచి చూశాను. హాలెండు. కాలువలు, గట్లు, గట్ల వెనక పొలాలు.

"సముద్రం కంటే పల్లంలో దున్నుతున్నారు వీళ్లు" అన్నారు ఎవరితోనో. మా ఊరి పొలాలకు నీళ్లు వదిలిన రోజుల్లో ఉండే గొంతు అది, నేను మరిచిపోయిన గొంతు. "సముద్రం పైన, పొలం కింద. మధ్యలో గట్టు. గాలి మరలు పెట్టి నీళ్లు తోడి అవతల పోస్తున్నారు. మన వైపు పోటు నీళ్లు వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకుని కూర్చున్నాం."

"ఎక్కడండి? ఏదీ?" అన్నాడు శెట్టిగారు.

గుమ్మంలో వెలుగు చాలలేదు. నాన్నగారు పుటలో వేలు పెట్టుకుని అరుగు మీదికి వచ్చి, ఎండ ఇంకా మిగిలి ఉన్న అవతలి సగానికి నడిచారు. కుర్చీ వంక చూడలేదు. బొంత మీద శెట్టిగారి పక్కన కూర్చుని, బొమ్మ ఇద్దరికీ కనబడేలా పుస్తకం రెండు మోకాళ్ల మధ్య పెట్టారు.